పూఅర్ టీ మొదటిసారి కొంటే షెంగ్ మేలా, షౌ మేలా?

మా ఇంట్లో పూఅర్ రుచి చూసి వెళ్లినవాళ్లలో సగం మంది వారం తిరక్కుండా ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "నేనూ కొందామనుకుంటున్నా. షెంగ్ తీసుకోనా, షౌ తీసుకోనా?" విడివిడిగా చెప్పేకన్నా నా అభిప్రాయం ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

షెంగ్, షౌ అనేవి పూఅర్ టీలో రెండు రకాలు. రెండూ చైనాలోని యునాన్ రాష్ట్రంలో పెరిగే పెద్దాకు తేయాకుతో చేసేవే. మన అస్సాం టీదీ ఆ మొక్క రకమే. తేడా అంతా కోసిన ఆకు మగ్గే తీరులో ఉంది. షెంగ్ అంటే పచ్చిది. ఎండబెట్టిన ఆకుకు ఆవిరి పట్టి బిళ్లగా ఒత్తి వదిలేస్తే, ఏళ్ల తరబడి దానంతటదే మారుతూ పోతుంది. షౌ మగ్గబెట్టినది. ఆకును కుప్పపోసి, నీళ్లు చల్లి, గుడ్డ కప్పి, మధ్యమధ్యలో తిరగేస్తూ నెలన్నర, రెండు నెలలు ఉంచుతారు. తడిసిన గడ్డివాము లోపల వేడెక్కినట్టే ఆ కుప్పా వేడెక్కుతుంది. పాత షెంగ్‌లోని మెత్తదనం అన్నేళ్లు ఆగకుండా రావాలని 1973లో కున్మింగ్ టీ ఫ్యాక్టరీలో ఈ పద్ధతిని తయారుచేశారు. షౌ పుట్టి యాభై ఏళ్లు దాటిందంతే.

రుచిలో పోలికే లేదు. షౌ డికాక్షన్ లాగా నల్లగా దిగుతుంది. తడి మట్టి, పాత కలప గుర్తుకొచ్చే వాసన, నాలుక మీద కాస్త తీపి, చేదు దాదాపు ఉండదు. కొత్త షెంగ్ లేత పసుపు రంగు. ముందు వగరు, చేదు గట్టిగా తగులుతాయి. మింగాక గొంతులోంచి తీపి తిరిగొస్తుంది. ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగితే నోరు ఎలా తియ్యబడుతుందో అలా. షెంగ్ ప్రియులు ప్రాణం పెట్టేది ఆ తీపికే. నాకూ ఇప్పుడు సాయంత్రాలు అదే కావాలి.

అయినా మొదటిసారి కొనేవాళ్లకి నేను షౌనే చెబుతాను. కాచడం సులువన్నది ఒక కారణం. 5 గ్రాముల ఆకు, 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు అనుకోండి. మొదటిసారి పోసిన నీళ్లు వెంటనే పారబోసి, తర్వాత ప్రతిసారీ పది, పదిహేను సెకన్లకు వంపుకోవాలి. మధ్యలో ఎవరో తలుపు కొట్టి నిమిషం ఆలస్యమైతే షౌ చిక్కబడుతుంది, అంతే. అదే కొత్త షెంగ్ అయితే ఆ గ్లాసు నోట్లో పెట్టుకోలేం.

కానీ అసలు కారణం వేరే ఉంది. షెంగ్ ధరలో పెద్ద భాగం మనం తనిఖీ చేయలేని మాటలకు పోతుంది. టీ వయసు ఎంత, చెట్టు వయసు ఎంత, ఏ కొండ మీది ఆకు అన్నవే దాని విలువ. లావో బాన్‌జాంగ్ అనే ఊరి ఆకుకు యునాన్‌లోనే విపరీతమైన ధర. అందుకే ఆ పేరు అచ్చేసుకుని వేరే ఆకుతో చేసిన బిళ్లలు బజారు నిండా ఉన్నాయి. కొత్తగా కొనేవాళ్లు వాటిని దేనితో పోల్చుకుంటారు? నేను మొదలుపెట్టిన రెండో ఏడాది ఒక ఆన్‌లైన్ దుకాణంలో "ఇరవై ఏళ్ల షెంగ్" అని రాసుంటే కొన్నాను. కాగితం పసుపెక్కి చక్కగానే ఉంది. కాస్తే ముక్కిన బియ్యం వాసన. కొత్త టీనే చెమ్మలో పడేసి నల్లబరిచారని తెలిసినవాళ్లు తాగి చెప్పారు. పాత షెంగ్ రుచి అంతకుముందు ఒక్కసారైనా చూసి ఉంటే మొదటి గుక్కలోనే నాకు తెలిసిపోయేది.

అంకెల విషయంలోనూ జాగ్రత్త. బిళ్ల మీద 7542 అని ఉంటే అది 1975లో చేసిన టీ అని కాదు. 75 ఆ మిశ్రమం రూపొందిన ఏడాది, 4 ఆకు గ్రేడు, చివరి 2 మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీ గుర్తు. నిరుడు చేసిన బిళ్ల మీదా అదే అంకె ఉంటుంది.

షౌలో ఈ తిప్పలు చాలా తక్కువ. మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీవాళ్ల దాయీ బ్రాండులో 7572 అనే షౌ ఉంది. మూడు నాలుగేళ్ల క్రితంది తీసుకుంటే చాలు. ఈరోజు గ్లాసులో ఉన్న రుచికే డబ్బులిస్తున్నాం, పదేళ్ల తర్వాత రాబోయే రుచికి కాదు. నకిలీలు దీనికీ ఉన్నాయి కాబట్టి, శాంపిల్ అమ్మే దుకాణంలోనే కొనండి.

"షెంగ్ కొని దాచిపెడితే విలువ పెరుగుతుందట కదా" అని కూడా అడుగుతున్నారు. 2007లో చైనాలో ఆ ఆశతోనే ధరలు ఆకాశానికి ఎక్కి, ఆ ఏడాదే కుప్పకూలాయి. పైగా దాచిన షెంగ్ బాగా పండాలంటే గాలిలో తేమ 60-70 శాతం ఉండాలి, చుట్టుపక్కల ఏ వాసనా తగలకూడదు. హైదరాబాద్ ఎండాకాలంలో అది పండకుండా ఎండిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో బూజు భయం. ఇంగువ, మసాలా ఉండే అలమరలో పెడితే ఎక్కడైనా పాడైనట్టే.

పాలు, పంచదార లేని గ్రీన్ టీ ఏళ్లుగా ఇష్టంగా తాగుతున్నవాళ్లకు మాత్రం నా సలహా వేరు. వాళ్లకు షెంగ్ మొదటి రోజే నచ్చొచ్చు. అలాంటివాళ్లు రెండూ 25 గ్రాముల చొప్పున తెప్పించుకోండి. మిగతావాళ్లు కూడా మొదటే పూర్తి బిళ్ల కొనకండి. మామూలు బిళ్ల 357 గ్రాములు. ఒక్కోసారికి 5 గ్రాములంటే డెబ్భైసార్లు కాచుకోవాలి. నచ్చని టీతో డెబ్భై సాయంత్రాలు గడపలేం.

బొమ్మ గిన్నెల్లా ఒత్తిన మినీ తువోలు ప్రయాణాలకు పనికొస్తాయి, ఆకు నాణ్యత అంతంతమాత్రం. కమలాపండు తొక్కలో కూరినది ఒకసారి సరదాకి బాగుంటుంది. బరువు తగ్గుతుందని అమ్మే పొట్లాల జోలికి వెళ్లకండి.

షౌ రాగానే విప్పి చూస్తే కొన్నిసార్లు నీచు వాసన కొడుతుంది. చెడిపోయిందని పారేయకండి, అది కుప్పలో మగ్గినప్పటి వాసనే. బిళ్లను చిన్న ముక్కలుగా విడదీసి, వాసన లేని మట్టి కుండలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి వంటింటికి దూరంగా పెట్టండి. మూడు వారాలయ్యాక ఒక ముక్క కాచి చూడండి.