ఉన్న డిస్కునే కోద్దామా, ఇంకో డిస్కు పెడదామా?

మిర్యాలగూడలో రైస్‌మిల్లు లెక్కలు రాసేటోళ్ల ఇంట్లో చూసినా, నల్లగొండ క్లాక్ టవర్ దిక్కు పెళ్లి పత్రికలు కొట్టే డీటీపీ సెంటర్లో చూసినా సిస్టమ్ ఒక్కటే ఉంటది. పొద్దంతా దాని మీద ట్యాలీ, లేదంటే తెలుగు టైపు చేసే అను ఫాంట్లు. రెంటికీ విండోస్ ఉండాల్సిందే. రాత్రయితే ఇంజినీరింగ్ చదివే పిల్లగాడు అదే సిస్టమ్ మీద లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఓఎస్, అంటే సిస్టమ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలి. విండోస్ తీసేస్తానంటే నాయిన ఊకోడు, ఇంకో సిస్టమ్ కొనాలంటే పైసలు కావాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయినంక, విండోస్ 11 ఎక్కని పాత మిషన్లు ఉన్నోళ్లు కూడా ఒకే సిస్టమ్ మీద రెండు ఓఎస్‌ల ముచ్చట (డ్యుయల్ బూట్) అడుగుతున్నరు.

డెస్క్‌టాప్ అయితే నా ఓటు ఇంకో డిస్కుకే. ల్యాప్‌టాప్ సంగతి వేరు, కింద చెప్తా.

ఉన్న డిస్కునే రెండు ముక్కలు చేస్తే రూపాయి ఖర్చు లేదు, అదొక్కటే దాని గొప్ప. సీ డ్రైవ్‌ను కుదించి, మిగిలిన జాగాలో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేస్తరు. ఆ కుదించే టైములో కరెంటు పోయిందా, ట్యాలీ డేటా మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పాడైన ఇళ్లు మనకు తక్కువేం లేవు. అసలు చిక్కు బూట్ దగ్గర, అంటే సిస్టమ్ లేచే దగ్గర ఉంది. విండోస్ తనకోసం సిస్టమ్‌ను లేపే ఫైళ్లుండే వంద ఎంబీల చిన్న ఈఎఫ్‌ఐ భాగం పెట్టుకుంటది, లినక్స్ బూట్ ఫైళ్లు కూడా పోయి అందులోనే కూర్చుంటయ్. అన్నదమ్ములు ఇల్లు పంచుకొని దర్వాజా మాత్రం ఒక్కటే ఉంచుకున్నట్టు. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చి బూట్ వరుసలో తననే ముందు పెట్టుకుంటే పిల్లగాడికి లినక్స్ కనిపించదు. లినక్స్ ముక్కను తీసేస్తే, ఏ ఓఎస్ కావాలని అడిగే లినక్స్ బూట్ ప్రోగ్రాం గ్రబ్ సగంలో ఆగి నాయినకు విండోస్ రాదు. ఇంకొకటి, విండోస్ సతాయిస్తుందని సిస్టమ్‌ను షాపుకు పంపితే అక్కడి అబ్బాయికి లినక్స్ భాగం పేరు లేని ముక్కలాగే కనిపిస్తది. పనికిరానిదనుకొని దాన్ని కూడా కలిపి ఫార్మాట్ కొట్టేస్తడు.

వేరే డిస్కు పెడితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతయ్. కానీ డిస్కు కొని బిగించినంత మాత్రాన రెండూ విడిపోయినట్టు కాదు. రెండు డిస్కులూ తగిలించి ఉండగా ఇన్‌స్టాల్ చేస్తే బూట్ ఫైళ్లు పాత డిస్కులోని ఈఎఫ్‌ఐ భాగంలోకే పోవచ్చు. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కైతే, రెండో డిస్కును ఎంచుకున్నా మొదటిదాంట్లోనే రాసే అలవాటుండేది. విండోస్ కూడా అంతే, ఇంకో డిస్కులో ఈఎఫ్‌ఐ భాగం దొరికితే దాన్నే వాడుకుంటది. రేపు పాత డిస్కు పోతే కొత్త డిస్కులోని ఓఎస్ కూడా లేవదు.

అందుకే సిస్టమ్ బంద్ చేసి, ప్లగ్ పీకి, విండోస్ ఉన్న డిస్కును ముందు విడదీయాలి. వైరుతో తగిలించే సాటా డిస్కు అయితే వైరు లాగితే చాలు. మదర్‌బోర్డు మీద పడుకొని ఉండే ఎన్‌వీఎంఈ డిస్కు అయితే చిన్న స్క్రూ ఒకటి విప్పితే ఏటవాలుగా లేస్తది, మెల్లగా బయటికి లాగాలి. కొత్త డిస్కు ఒక్కదాన్నే ఉంచి ఉబుంటు వేసి, అది తిన్నగా లేచిందని చూసుకున్నంక పాతదాన్ని తగిలించాలి. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) విండోస్ డిస్కును ముందు పెడితే నాయిన బటన్ నొక్కగానే ఎప్పటిలాగే విండోస్ వస్తది, ఆయనకు ఏం తేడా తెల్వదు. పిల్లగాడు లోగో పడగానే బూట్ మెనూ కీ కొట్టాలి. డెల్, గిగాబైట్‌లకు ఎఫ్12, ఎంఎస్‌ఐకి ఎఫ్11, ఆసుస్ బోర్డులకు ఎఫ్8, హెచ్‌పీకి ఎఫ్9. వచ్చిన పట్టీలో ఉబుంటు మీద ఎంటర్ కొడితే అయిపాయె. గ్రబ్‌లో విండోస్ పేరు కూడా రావాలని పట్టుబట్టొద్దు, ఎవరి దారి వాళ్లకు ఉండనియ్యండి.

లినక్స్‌కు 120 జీబీల ఎస్ఎస్‌డీ ధారాళంగా సరిపోతది. మూలకు పడ్డ పాత హార్డ్‌డిస్కు పెట్టి, లినక్స్ స్లో అని తిట్టుకోవద్దు.

డిస్కులు వేరైనా వదలని తలనొప్పులు కొన్నున్నయ్. లినక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైములో) నడుపుతది, విండోస్ దాన్నే మన టైమనుకుంటది. పిల్లగాడు రాత్రి లినక్స్ వాడి పడుకుంటే, పొద్దున పదింటికి నాయినకు విండోస్‌లో నాలుగున్నర కనిపిస్తది. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో లోకల్ టైముకు మార్చేస్తే సరి. విండోస్‌లో తొందరగా లేచేందుకు ఉండే ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేయాలి, లేకుంటే అది పూర్తిగా బంద్ కాదు, దాని డ్రైవ్‌లో లినక్స్ నుంచి ఫైల్ రాయనియ్యదు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ అయితే కొన్ని సిస్టమ్‌లలో లినక్స్‌ను బూట్ కూడా కానియ్యలేదు. అది మార్చింది డిస్కులో కాదు, మదర్‌బోర్డు మెమరీలో. కాబట్టి వేరే డిస్కులో పెట్టుకున్నోళ్లకూ దెబ్బ తగిలింది.

ఇక ల్యాప్‌టాప్. ఇంకో డిస్కు పెట్టే స్లాట్ ఉంటే పైన చెప్పిందే. లేకపోతే ఉన్న డిస్కును కోయడం తప్పేం కాదు, కరెంటు పోయినా బ్యాటరీ ఉంది కదా. బయటి యూఎస్‌బీ ఎస్ఎస్‌డీలో లినక్స్ వేసుకోవచ్చు కానీ కేబుల్ కదిలితే సిస్టమ్ అక్కడికక్కడే బిగుసుకుపోతది, బస్సులో, హాస్టల్ మంచం మీద వాడేటోళ్లకు పనికిరాదు. కాలేజీ ల్యాబ్ కోసం సీ, పైథాన్, నాలుగు కమాండ్లే కావాలంటే ఇవేవీ అక్కర్లేదు. ర్యామ్ 8 జీబీ ఉంటే విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) వేసుకోండి. 4 జీబీలే ఉంటే మాత్రం డ్యుయల్ బూటే నయం, ఏ ఓఎస్ నడిస్తే ర్యామ్ మొత్తం దానిదే.

ఏ దారి పట్టినా ట్యాలీ డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినంకే స్క్రూడ్రైవర్ పట్టండి. విండోస్ 11 అయితే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, బయోస్‌లో చెయ్యి పెట్టగానే దాన్ని అడగొచ్చు.