అటైనా ఇటైనా ఒకే టైమ్ చెప్పే యాప్

మా అమ్మాయి న్యూజెర్సీ వెళ్ళినప్పటి నుంచి ఈ విమాన దూరాల యాప్ నా ఫోన్లో ఉంది. రెండు ఊళ్ళ పేర్లు కొడితే మధ్య గీత గీసి, దూరం, విమానానికి పట్టే సమయం, అక్కడి టైమ్ చూపిస్తుంది. నా తగువంతా ఒక్కదాని మీదే: వెళ్ళడానికీ రావడానికీ ఒకే సమయం చూపిస్తుంది.

ఢిల్లీ నుంచి న్యూయార్క్ దాదాపు 11,750 కిలోమీటర్లు, పద్నాలుగు గంటల లోపే అంటుంది. తిరగేసి కొట్టినా అదే. దూరాన్ని ఓ సగటు వేగంతో భాగించి అరగంట కలపడమే తప్ప గాలి సంగతి దానికి పట్టదు. పైన పడమర నుంచి తూర్పుకు జోరుగాలి ఉంటుంది. మనవాళ్ళు అమెరికా వెళ్ళేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మాని పసిఫిక్ మీదుగా, అంటే గాలి వెనక నుంచి తోసేలా తూర్పు వైపుకి పంపింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది. ఈ యాప్ లెక్కలో అలాంటిది జరగనే జరగదు.

కిందటి ఏడాది, అంటే 2025 వేసవిలో అమ్మాయి, మనవడు వస్తున్నారు. ఏప్రిల్‌లోనే మన విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూసేశారు. అటు నుంచి ఢిల్లీ వచ్చేవి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి రావాలి. యాప్ గీసే గీతలో మాత్రం వెంట్రుకంత మార్పు లేదు. బయల్దేరిన టైమ్ ఇస్తే, ఢిల్లీలో దిగేసినట్టు ఆకుపచ్చ రంగులో చూపించింది. సరే అనుకుని, వైజాగ్ ఎయిర్‌పోర్టుకని శ్రీకాకుళంలో కారెక్కాం. నాతవలస టోల్ దాటాక ఫోన్: "ఇప్పుడే దిగాం నాన్నా, వైజాగ్ ఫ్లైట్ వెళ్ళిపోయింది." వెనక సీట్లోంచి మా అమ్మ, "దిగిపోనారన్నావు కదరా, ఇదేటి?" అంది. ఏం చెప్పను? కారు తిప్పాం, టోల్ మళ్ళీ కట్టాం. పిల్లాడితో ఆ రాత్రంతా అమ్మాయి ఢిల్లీ ఎయిర్‌పోర్టు కుర్చీల్లోనే.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. అక్కడి టైమ్ వేళ్ళ మీద లెక్కేసే బాధ తప్పింది. వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. నవంబర్‌లో అక్కడ గడియారం మారిన రోజే ఇదీ మారిపోతుంది. ఆ సంబరంతో మా బంధువులందరి ఫోన్లలోనూ వేయించాను. కాకపోతే వచ్చే నెల ప్రయాణానికి అడిగినా ఈ రోజు తేడానే లెక్కలోకి తీసుకుంటుంది. మార్చి ముందు, నవంబర్ ముందు టికెట్ కొనేవాళ్ళు ఇది చూసుకోవాలి.

తీసేయలేదు. దూరం చూడ్డానికి ఉంచుకున్నాను. కారు తియ్యడానికి మాత్రం అమ్మాయి ఫోనే. విమానాశ్రయానికి పావుగంటలో వెళ్ళిపోయేవాళ్ళకి నా గోల అర్థం కాకపోవచ్చు. మాది వంద కిలోమీటర్లు దాటిన దారి. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు మొదలైతే మాకు అది సగానికి తగ్గుతుంది, అప్పుడు నాకూ ఇంత కోపం ఉండదేమో. మా పక్కింటాయన కొడుకు సింగపూర్‌లో ఉంటాడు. వైజాగ్ నుంచి నేరుగా సముద్రం మీదుగా నాలుగు గంటలు, చుట్టు దారుల గొడవ లేదు. ఆయనైతే ఈ యాప్‌కి ఐదు చుక్కలూ ఇచ్చేశాడు.