వానాకాలం టూరింగ్‌కి ఏది మేలు: ఎక్స్‌టెండరా, రబ్బరు ఫ్లాపా, హగ్గరా?

మడ్‌గార్డు ఎంత పొట్టిదో వానలో తెలియదు, మర్నాడు బండి కడిగేటప్పుడు తెలుస్తుంది. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. పోయిన శ్రావణంలో శ్రీశైలం బయల్దేరితే మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే వాన పట్టుకుంది, దోమలపెంట దాకా వదల్లేదు. ఇంటికొచ్చి చూస్తే ఇంజను నుంచి సైలెన్సర్‌కి వెళ్ళే బెండు పైపుల మీద ఎర్రమట్టి పెంకులు కట్టి ఉంది. వేడి పైపు మీద పడ్డ బురద ఆరి రాలిపోదు, కుమ్మరి ఆవంలో కుండలా కాలుతుంది. ఇంజను ముందుండి ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ రెక్కల సందుల్లో ఇసుక. పాత టూత్‌బ్రష్, బకెట్ నీళ్ళు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. నాన్న అరుగు మీంచి చూసి, "మా బుల్లెట్‌కి ఈ బాధ లేదురా" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. పాత బుల్లెట్ ముందు మడ్‌గార్డు చక్రం వెనకవైపు బాగా కిందికి దిగేది. దాని చివర మళ్ళీ ఒక రబ్బరు ఫ్లాపు, ఫ్లాపు మీద ఆంజనేయస్వామో ఊరి పేరో. ఇప్పటి బండ్లకి షోకు కోసం ఆ తోక కోసేశారు. తెగిన తోకని ఎలా అతికించాలన్నదే మన గొడవ. దారులు మూడు: గట్టి ప్లాస్టిక్ ఎక్స్‌టెండర్, మెత్తటి రబ్బరు ఫ్లాపు, వెనక చక్రానికి హగ్గర్ అనే చిన్న మడ్‌గార్డు. మూడింటినీ నా బండి మీదా, మా బావమరిది హిమాలయన్ 411 మీదా చూశాను.

ముందు బురద ఎటు నుంచి వస్తుందో చూడాలి. బండి ముందుకి పోతుంటే ముందు చక్రం వెనక భాగం నేల నుంచి పైకి లేస్తుంటుంది. టైరు మోసుకొచ్చిన నీళ్ళు దాని అంచు నుంచి సూటిగా విడిపోతాయి. నేలకి దగ్గరగా విడిపోయినవి పడుకున్నట్టు వెనక్కి పోయి ఇంజను కిందా, మన బూట్ల మీదా పడతాయి. కాస్త పైకొచ్చి విడిపోయినవి ఏటవాలుగా లేచి బెండు పైపులకీ, ఆయిల్ కూలర్‌కీ తగులుతాయి. మడ్‌గార్డు తోక ఎంత కిందికి దిగితే అంత ఏటవాలు ధార ఆగుతుంది. అందుకే నాలుగంగుళాల ముక్కే అయినా అంత తేడా చూపిస్తుంది. పూర్తిగా కిందనుంచి వచ్చే ధారని మాత్రం ఏదీ ఆపలేదు. బూట్లు తడవకూడదనుకుంటే ఇంట్లో కూర్చోవాలి.

మొదట రబ్బరు ఫ్లాపుతో మొదలుపెట్టాను, చవక కాబట్టి. పంక్చర్ షాపులో లారీ ట్యూబు ముక్క అడిగితే ఊరికే ఇచ్చాడు. ("ఫ్లాప్ కావాలన్నా" అని అడక్కండి. లారీ టైర్లో ట్యూబుకీ రిమ్ముకీ మధ్య వేసే పట్టీని వాళ్ళు ఫ్లాప్ అంటారు, అది తీసి చేతిలో పెడతాడు.) అట్టతో కొలత చేసుకుని, ట్యూబు కోసి, మడ్‌గార్డుని పట్టి ఉంచే కడ్డీ (స్టే) బోల్టుల దగ్గరే బిగించాను. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ భేష్. హైవే ఎక్కాక బావమరిది పక్కన బండి నడుపుతూ చూసి చెప్పాడు: ఎనభై దాటగానే ట్యూబు ముక్క గాలికి వెనక్కి లేచి జెండాలా ఎగురుతోందట. ఎగిరే ఫ్లాపు ఉన్నా లేనట్టే. ట్యూబు రబ్బరు పల్చన. ఈ పనికి కనీసం మూడు మిల్లీమీటర్ల మందం రబ్బరు షీటు కావాలి.

అంతకన్నా పెద్ద దెబ్బ పార్కింగులో తగిలింది. ఇరుకు సందులోంచి బండిని వెనక్కి తోస్తున్నాను. ఫ్లాపు పొడుగెక్కువై నేలకి రెండంగుళాల ఎత్తులో ఉంది. చిన్న రాయి మీద చక్రం ఎక్కి దిగగానే ఫ్లాపు అంచు టైరు కిందికి పోయింది. నాకేం తెలుసు, ఇంకాస్త గట్టిగా తోశాను. టైరు దాన్ని నమిలినట్టు లోపలికి లాక్కుంది, పైన స్టే కాస్త వంగింది. ముందుకి పోయేటప్పుడు రాని ప్రమాదం వెనక్కి తోసేటప్పుడు వస్తుంది, ఈ ముక్క ఎవరూ చెప్పరు. అప్పట్నుంచి ముందు ఫ్లాపుకి నా లెక్క నేల నుంచి జానెడు. అంతకన్నా దిగితే కత్తెర.

ఇన్ని చెప్పినా రబ్బరుకి ఒక గుణం ఉంది, విరగదు. మా ఇంటి ముందు ర్యాంపు నిటారుగా ఉంటుంది. దిగేటప్పుడు ఏది తగిలినా రబ్బరు వంగి మళ్ళీ నిలబడుతుంది.

ఇక ఎక్స్‌టెండర్. ఏబీఎస్ ప్లాస్టిక్‌తో మడ్‌గార్డు వంపులోనే చేసిన ముక్క ఇది, తోకకి లోపలివైపు నుంచి అతుకుతుంది. ఇంగ్లండులో పిరమిడ్ అనే కంపెనీ వీటిని "ఎక్స్‌టెండా ఫెండా" పేరుతో రకరకాల బండ్లకి చేస్తుంది. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, వాళ్ళకి ఇది షోకు కాదు, అవసరం. మన దగ్గర ఉప్పు లేదు, విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు గాలిని వదిలేస్తే. మనకున్నది ఎర్రమట్టి, కొత్తగా తారేసిన రోడ్డు మీద వదులుగా పడి ఉండే సన్న కంకర చిప్స్. నేను మనవాళ్ళు చేసినదే కొన్నాను, 1,100 పడింది.

బిగించడం దగ్గరే అసలు కథ. కొందరు మెకానిక్‌లు చూడగానే డ్రిల్లు తీస్తారు. ఇంటర్‌సెప్టర్ మడ్‌గార్డు ఇనప రేకు. రంగు చీల్చి చిల్లు వేస్తే ఒక్క వానాకాలంలో ఆ చుట్టూ తుప్పు మొదలవుతుంది. ప్లాస్టిక్ మడ్‌గార్డు ఉన్నవాళ్ళకి ఆ బెంగ లేదు, చిల్లు వేసి, నొక్కితే బిగుసుకునే పుష్ రివెట్లు కొట్టుకోవచ్చు. నేను అతికించాను. చక్రం విప్పి, మడ్‌గార్డు లోపలి వైపు సబ్బుతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి, మంచి రకం డబుల్ టేపు, అంచుల వెంట సిలికాన్. లోపలివైపున పేరుకున్న గ్రీజూ మట్టీ పోకుండా టేపు వేస్తే మొదటి గతుక్కే ఊడుతుంది. ఒక రోజంతా బండి కదపలేదు.

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ముందు మడ్‌గార్డు చక్రంతో పాటే లేస్తుంది, దిగుతుంది. కాబట్టి టైరుకీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య సందు మారదు. మారేది ఎక్స్‌టెండర్ తోకకీ ఇంజనుకీ మధ్య దూరం. ఇంటర్‌సెప్టర్ ముందు ఫోర్కు ప్రయాణం, అంటే అది కుంగే మేర, 110 మిల్లీమీటర్లు. గట్టిగా బ్రేకు వేసి గుంతలో పడితే తోక అంత మేర పైకి, ఏటవాలుగా వెనక్కి వస్తుంది. నిలబెట్టిన బండి మీద చూస్తే "బోలెడు సందు ఉంది" అనిపిస్తుంది, నమ్మొద్దు. నేను బరువైన బావమరిదిని సీటు మీద కూర్చోబెట్టి, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ మీద ఇద్దరం కలిసి నొక్కాం. తోక బెండు పైపుకి రెండు వేళ్ళ దూరంలో ఆగింది. బతికిపోయాం అనుకున్నాను. వేడి పైపుకి తగిలితే ప్లాస్టిక్ కరిగి దాని మీదే అంటుకుంటుంది, తర్వాత ఏ టూత్‌బ్రషూ పనికిరాదు.

ఫలితం? అదే శ్రీశైలం రోడ్డు, అలాంటి వానే. పైపుల కింది వంపులో మాత్రం బురద, పైభాగం శుభ్రం. ఆయిల్ కూలర్ దాదాపు పొడిగా ఉంది. ఒకటి చెప్పాలి: ఎక్స్‌టెండర్ ఆపేది మన చక్రం విసిరే రాళ్ళనే. ముందుపోయే లారీ విసిరే కంకరకి ఇది అడ్డు కాదు, దానికి కూలర్ ముందు జాలీ వేరే వేసుకోవాలి. ఒకటి కొని రెండో పని జరగలేదని తిట్టుకునేవాళ్ళని చూశాను.

ఇంతవరకూ తారు రోడ్డు మాట. నల్లరేగడిలో ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. ఆదిలాబాద్ వైపు వెళ్ళాం, ఉట్నూరు దాటి కెరమెరి ఘాట్ దిగి, జోడేఘాట్ దారి పట్టాం. మధ్యలో బావమరిదికి తెలిసినవాళ్ళ చేను చూసొద్దామని బండ్లబాట వైపు తిరిగాం. రాత్రి వాన కురిసిన నల్లనేల. వంద గజాలు పోకముందే హిమాలయన్ ముందు చక్రం తిరగడం మానేసింది. ఆ బండికి పైన ముక్కు మడ్‌గార్డు ఒకటి, కింద టైరుని అంటిపెట్టుకుని చిన్నది ఒకటి. ఆ చిన్నదాని లోపల మట్టి పొరలు పొరలుగా దట్టమై టైరుని పట్టేసింది. తుమ్మ పుల్ల విరిచి పొడిచాం, వేళ్ళతో తోడాం. పది గజాలు పోయేసరికి మళ్ళీ అంతే. చివరికి కింది మడ్‌గార్డు విప్పి క్యారియర్‌కి కట్టేశాడు. నా బండి ఆ బాట ఎక్కనే లేదు, అంచులోనే ఆపాను. ఎక్స్‌టెండర్ ఉన్న బండి అందులోకి దిగితే ఇంకా ముందే బిగుసుకునేది: సందు అంతే, పట్టే చోటు మాత్రం ఇంకో నాలుగంగుళాలు. రబ్బరు ఫ్లాపైతే మట్టి నెట్టినప్పుడు వెనక్కి వంగి దారి ఇస్తుంది. కర్నూలు, ఆదిలాబాద్ చేల వెంట తిరిగేవాళ్ళు ఎక్స్‌టెండర్ జోలికి పోకపోవడమే మంచిది.

హగ్గర్ సంగతి త్వరగా తేల్చేస్తాను. వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని ఉండే ఈ ముక్క ముఖ్యంగా మధ్యలో ఉండే మోనోషాక్‌ని, అంటే వెనక ఉండే ఒంటి షాక్ అబ్జార్బర్‌ని, కాపాడటానికి. హిమాలయన్ లాంటి మోనోషాక్ బండికి దానివల్ల లాభం ఉంది. ఇంటర్‌సెప్టర్‌కి షాకులు రెండూ పక్కలకి ఉన్నాయి, హగ్గర్ పెట్టినా చూపుకే. నల్లరేగడి భయం దీనికీ ఉంది.

వెనక రబ్బరు ఫ్లాపు మాత్రం వేరే లెక్క. అది మనకోసం కాదు, వెనకొచ్చేవాడి కోసం. నలుగురం కలిసి వెళ్ళేటప్పుడు ముందు బండికి వెనక ఫ్లాపు లేకపోతే రెండోవాడి హెల్మెట్ అద్దం అరగంటలో మట్టిగోడ అవుతుంది. మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌లో నాకు ఆ భాగ్యం కలిగింది. తుడిస్తే గీతలు, తుడవకపోతే దారి కనపడదు. ఫ్లాపు పెట్టేటప్పుడు హై సెక్యూరిటీ నంబరు ప్లేటుని విప్పే ప్రయత్నం చేయొద్దు, ఆ స్నాప్ లాకులు ఒకసారి విరిగితే మళ్ళీ బిగియవు. ప్లేటు వెనక బ్రాకెట్‌కే పట్టించండి. కొలత మాత్రం వెనక మనిషినీ సామానునీ ఎక్కించాకే తీసుకోవాలి. ఖాళీ బండి మీద జానెడున్నర కనపడ్డది, మా ఆవిడా రెండు బ్యాగులూ ఎక్కేసరికి జానెడైంది. చీర గార్డుని షోకు కోసం పీకేసే కుర్రాళ్ళకి ఒక మాట: అది చీరలకే కాదు, పక్కనుంచి ఎగిరే బురదకి కూడా కొంత అడ్డం.

అన్నీ ఒకేసారి కొనలేం కదా, ఏది ముందు? నన్నడిగితే తారు రోడ్డు టూరింగ్ బండికి ముందు ఎక్స్‌టెండర్, తర్వాత వెనక ఫ్లాపు. హగ్గర్ మోనోషాక్ ఉంటేనే, అదీ డబ్బు మిగిలితే. చేల బాటల్లో తిరిగే బండికి ముందూ వెనకా మందం రబ్బరే. ఒంటరిగా తిరిగేవాడు వెనక ఫ్లాపు వాయిదా వేసుకోవచ్చు, గుంపుతో పోయేవాడు వేసుకోకూడదు, స్నేహాలు చెడతాయి.

నా బండి మీద ఇప్పుడున్నది రెండూ కలిసిన సంకరం. ర్యాంపు దిగేటప్పుడు ఎక్స్‌టెండర్ అంచు ఒకసారి గీసుకుంది, చిన్న పగులు. ఆ పగిలిన రెండంగుళాలూ సమంగా కోసేసి, ఆ చోట మందం రబ్బరు పట్టీ రెండు రివెట్లతో బిగించాను. ప్లాస్టిక్‌కి చిల్లు వేస్తే తుప్పు లేదు కదా. పైన గట్టిది గాలికి లేవదు, కింద మెత్తది దేనికి తగిలినా వంగుతుంది. నాన్న దాన్ని చూసి మురిసిపోయి, "దాని మీద ఏం రాయిస్తావురా?" అంటున్నాడు. రెండంగుళాల పట్టీ మీద ఆంజనేయస్వామి తోక ఒక్కటే పడుతుందని చెప్పాను.