నీళ్ళ ఫ్లాసర్ కొన్నాం, పాచి అలాగే ఉంది

మావాడికి పన్నెండేళ్ళు. ఈ వేసవి సెలవుల్లో పళ్ళకి క్లిప్పులు వేయించాం. ఆ వారమే ఆన్‌లైన్‌లో 1,900 పెట్టి నీళ్ళ ఫ్లాసర్ తెప్పించాను, పళ్ళ సందుల్లోకి సన్నటి నీటి ధార కొట్టే మిషన్. ఐదు నెలలు వాడాక రాస్తున్నా.

ముందు మంచి చెప్తా. కాకినాడలో ఉండి కాజా మానమంటే ఎవడు వింటాడు! తీగకీ పంటికీ మధ్య ఇరుక్కున్న కాజా ముక్కని ఒక్క ధారతో లేపేస్తుంది. ఇదివరకు పిన్నీసుతో కెలుక్కునేవాడు, ఆ భయం తప్పింది. ఒకసారి ఛార్జింగ్ పెడితే వారం వస్తుంది. కాకపోతే మూతి మూశాకే బటన్ నొక్కాలని తెలిసేలోపు అద్దం, గోడ, నా నైటీ అన్నీ తడిశాయి.

గొడవల్లా పాచి దగ్గరే. రెండో నెల చెకప్‌లో డాక్టరమ్మ వాడిచేత రంగు బిళ్ళ నమిలించింది, పాచి ఉన్నచోటల్లా రంగు అంటుకునే బిళ్ళ. బ్రష్ చేసుకుని, ఫ్లాసర్ కొట్టుకుని వెళ్ళినవాడే. పుక్కిలించి ఉమ్మాక చూద్దుము కదా, ప్రతి క్లిప్పుకీ చిగురు వైపున గోరు చివరంత గులాబీ చంద్రవంక. కోరపళ్ళ దగ్గరైతే ఊదారంగు. ఊదా అంటే రోజుల తరబడి పేరుకున్న పాచట.

"ధార ముక్కల్ని తోస్తుందమ్మా, పాచి జిగురుని రుద్దాల్సిందే" అందావిడ. ఉత్త పంటినైతే నాలుక, పెదవి, లాలాజలం ఎంతో కొంత తుడుస్తాయి. క్లిప్పు మూలల్లోకి అవి చేరవు. దాంతో స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ లాంటి బ్యాక్టీరియా అక్కడ కాపురం పెట్టి, మనం తిన్న తీపిని ఆమ్లం చేస్తాయి. క్లిప్పులు వేశాక నోట్లో వీటి సంఖ్య పెరగడం మామూలేనట. సరిగ్గా తోమకపోతే నెల రోజుల్లోనే ఎనామిల్ (పంటి గట్టి పైపొర) మీద తెల్లమచ్చలు పడొచ్చు. మావాడికి ఒక పంటి మీద సుద్దముక్క రాసినట్టు మొదలైంది కూడా.

అప్పుడు ఆవిడ చెప్పిందే, క్లిప్పుల మధ్య తోముకునే బుల్లి బ్రష్. పాలసీసా కడిగే బ్రష్‌ని అగ్గిపుల్లంత చేసినట్టుంటుంది. మందుల షాపులో ఐదింటి ప్యాకెట్ 200. తీగ కిందనుంచి పైకి ఓసారి, పైనుంచి కిందికి ఓసారి, ఒక్కో క్లిప్పుకీ. వారం తిరిగేసరికి వంగిపోతుంది, అదొక్కటే దీనితో చిరాకు. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో మామూలు బ్రష్ ఎలాగూ ఉంది.

ఆదివారం ఆదివారం ఇంట్లోనే రంగు బిళ్ళ వేయిస్తున్నా. ఊదా పోయింది. కోరపళ్ళ దగ్గర గులాబీ ఇంకా తేలుతోంది, వాడే అద్దంలో లెక్కపెట్టుకుని "ఈసారి మూడేనమ్మా" అంటాడు.

బుల్లి బ్రష్‌కి ఐదుకి నాలుగున్నర. ఫ్లాసర్‌కి రెండున్నర, అదీ డబ్బా మీద "పాచి మాయం" అని అంత పెద్ద అక్షరాలు వేసినందుకు. ఇప్పుడది కాజా తిన్న రోజునే బయటికొస్తోంది. అంటే వారానికి నాలుగు రోజులు.