ఎపిడ్యూరల్‌లో మందు ఒక్కటే చాలా, రెండు కలపాలా? ఏది మేలు?

బెంగళూరులో మత్తు డాక్టర్‌గా పని చేస్తున్నా కాబట్టి తెలుగువాళ్ళు కాన్పుకి వస్తే వార్డులో నన్నే పిలుస్తారు. అనంతపురం, హిందూపురం వైపు నుంచి వచ్చే అమ్మలు, అత్తలు ఎపిడ్యూరల్ గురించి, అంటే కాన్పు నొప్పి తగ్గడానికి నడుములో సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కించడం గురించి, అడిగేది ఒకటే, "మేడమ్, అందులో ఫెంటానిల్ కలుపుతారంట గదా, టీవీలో అమెరికావాళ్ళు దాంతోనే చస్తాండారని చెప్పినారు, అది లేకుండా ఉత్త మత్తుమందే ఇవ్వకూడదా?"

ఫెంటానిల్ అంటే మార్ఫిన్ కోవకి చెందిన గట్టి నొప్పి మందు. అది లేకుండా ఇవ్వొచ్చు, కాదనను. బుపివకెయిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇచ్చి కూడా నొప్పి తగ్గించొచ్చు. కానీ అదొక్కటే గట్టిగా పని చెయ్యాలంటే పాత రోజుల్లో ఇచ్చినట్టు 0.25 శాతం దాకా పోవాలి, అప్పుడు నొప్పి నరాలతో పాటు కాళ్ళని కదిలించే నరాలు కూడా మొద్దుబారిపోతాయి. అదే ఒక్కో మిల్లీలీటరుకి 2 మైక్రోగ్రాముల ఫెంటానిల్ కలిపామనుకోండి, బుపివకెయిన్‌ని 0.1కో 0.0625కో దించెయ్యొచ్చు, ఎందుకంటే ఫెంటానిల్ వెన్నుపాములో నొప్పి కబురుని మాత్రమే ఆపుతుంది, కండరాల జోలికి పోదు.

నా మటుకు నాకు తేల్చేది ఈ కాళ్ళ సంగతే. మందు ఎక్కాక ప్రతిసారీ "మోకాలు మడిచి, కాలు పైకెత్తమ్మా" అంటాను. ఎత్తగలిగిన అమ్మాయి పక్కకి తిరుగుతుంది, లేచి కూర్చుంటుంది, చివర్లో గైనిక్ డాక్టర్ "ముక్కమ్మా" అన్నప్పుడు సరిగ్గా ముక్కగలుగుతుంది. కాళ్ళు దుంగల్లా పడుంటే ఇద్దరు నర్సులు పట్టుకోవాలి, బిడ్డని బయటికి లాగడానికి ఫోర్సెప్స్, వాక్యూమ్ అవసరం పడే అవకాశమూ పెరుగుతుంది. 2001లో బ్రిటన్‌లో కామెట్ అనే పెద్ద స్టడీలో పాత 0.25 పద్ధతిలో 35 శాతం మందికి సాయం లేకుండా మామూలు కాన్పు అయితే, 0.1 బుపివకెయిన్‌తో ఫెంటానిల్ కలిపి ఇచ్చినవాళ్ళలో 43 శాతం మందికి అయింది.

మరి బిడ్డకి? కొంచెం చేరుతుంది, నిజమే, కానీ ఇంత తక్కువ డోసులో మామూలుగా ఊపిరికి ఇబ్బంది రాదు. తల్లికి మాత్రం దురద రావొచ్చు, ముఖం గోక్కుంటూ ఉంటారు పాపం, చాలామందికి మందు అవసరం లేకుండానే తగ్గుతుంది. బీపీ పడిపోవడం అంటారా, అది కలిపినా కలపకపోయినా చూసుకోవాల్సిందే.

బుపివకెయిన్ బదులు అదే కోవకి చెందిన రోపివకెయిన్ వాడితే ఇంకా మంచిదంట గదా అని చదివొచ్చినవాళ్ళు అడుగుతారు. మంచి మందే, ధర ఎక్కువ, ఇంత పలచగా వాడినప్పుడు కాళ్ళ విషయంలో పెద్ద తేడా నాకైతే కనపడలేదు. ఫెంటానిల్ బదులు క్లోనిడిన్ అనే బీపీ మందు కలిపితే బీపీ పడుతుంది, నిద్రమత్తు వస్తుంది, కాన్పులో నేను వాడను.

అసలు చిక్కు వేరే ఉంది. ఫెంటానిల్ నార్కోటిక్ చట్టం కిందకి వస్తుంది, గుర్తింపు, రిజిస్టర్లు, లెక్కలు అని బోలెడు తతంగం, అందుకని కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో అసలు పెట్టుకోరు, ఉన్నదాంతో కానిచ్చేస్తారు. కాబట్టి ఎనిమిదో నెలలోనే అడిగెయ్యండి, ఎపిడ్యూరల్‌లో ఏం కలుపుతారు, ఎంత శాతం వాడతారు, రాత్రిపూట మత్తు డాక్టర్ హాస్పిటల్లోనే ఉంటారా లేక ఫోన్ చేస్తే ఇంటి నుంచి రావాలా అని. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకుని రావాలంటే మాత్రం వేరే హాస్పిటల్ చూసుకోమంటాను.