బెర్లిన్ అలయిడ్ మ్యూజియం: గోడౌన్ గుమాస్తా కళ్లతో

ఒకప్పుడు తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గర ఫోటో దిగాక మా అబ్బాయి అప్పుడు చెప్పాడు, ఆ కాపలా గది నకలని. అసలుది క్లేఅల్లీ రోడ్డు మీద అలయిడ్ మ్యూజియం ఆవరణలో ఉందట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ బెర్లిన్‌లో ఉన్న అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాల కథ చెప్పే మ్యూజియం అది. మర్నాడే బయల్దేరదీశాను. ప్రవేశం ఉచితం, సోమవారం మాత్రం సెలవు. ఒకప్పుడు అమెరికా సైనికులు సినిమాలు చూసిన హాల్లోనే సగం ప్రదర్శన ఉంది.

నేను ముప్పై ఏళ్లు గోడౌన్‌లో సరుకు లెక్కలు రాసినవాణ్ణి. యుద్ధాల కంటే బరువుల మీదే నా ధ్యాస. పశ్చిమ బెర్లిన్ చుట్టూ ఉన్నదంతా సోవియట్ల అధీనంలోని ప్రాంతమే. 1948 జూన్‌లో వాళ్లు అక్కడికి వెళ్లే రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేశారు. ఇరవై లక్షల మందికి పైగా జనం. అమెరికా, బ్రిటన్ కలిసి వాళ్లకు కావలసినవన్నీ విమానాల్లో మోశాయి. మొత్తం 2 లక్షల 70 వేలకు పైగా ట్రిప్పులు, దాదాపు 23 లక్షల టన్నులు. అందులో మూడింట రెండు వంతులు బొగ్గే! లారీలో బొగ్గు ఎత్తించడానికే మా హమాలీలు సణిగేవాళ్లు. బయట నిలిపిన బ్రిటిష్ హేస్టింగ్స్ విమానం కింద నిలబడి దీనిలో ఎన్ని బస్తాలు పడతాయా అని లెక్కేస్తుంటే మావాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. 1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు నాటో అనే సైనిక కూటమి ఒప్పందం మీద సంతకాలు చేసేనాటికి ఆ దిగ్బంధం ఇంకా ఎత్తేయలేదు. అంటే కాగితం కంటే ముందు మోతే మొదలైందన్నమాట.

ఫ్రెంచి సైనిక రైలు పెట్టె, కాపలా బురుజు గబగబా చూసేశాం. నన్ను కట్టిపడేసింది సొరంగం ముక్క. అమెరికా, బ్రిటన్ గూఢచారులు కలిసి సోవియట్ టెలిఫోన్ తీగలు వినడానికి తవ్వింది. తవ్వకం మొదలుకాకముందే జార్జ్ బ్లేక్ అనే బ్రిటిష్ గూఢచారి ఆ ముచ్చట మాస్కోకి చేరవేశాడు. తమ మనిషి దొరికిపోతాడని వాళ్లూ తెలియనట్టే ఊరుకుని, 1956లో అప్పుడే కనిపెట్టినట్టు బయటపెట్టారు. భాగస్వామ్య వ్యాపారంలో ఇలాంటి లీకులు నేనూ చూశాను గానీ ఇంత ఖరీదైనది చూడలేదు.

ప్రధాన కథ 1945 నుంచి 1994లో సైన్యాలు వెళ్లిపోయేదాకా. తర్వాతి కథ తిరుగు రైల్లో మావాడు చెప్పాడు: ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేశాక 2023లో ఫిన్లాండ్, 2024లో స్వీడన్ చేరి నాటో 32 దేశాలైంది. 2035 నాటికి రక్షణ కోసం జీడీపీలో 5 శాతం ఖర్చు పెడతామని 2025లో హేగ్‌లో ఒప్పుకున్నారు. అందులో ఒకటిన్నర శాతం మౌలిక సదుపాయాల వంటివాటికట. ఆ మాట నాకు నచ్చింది. రోడ్డూ వంతెనా సరిగా లేకపోతే ట్యాంకులు కొని ఏం లాభం?

వివరాలు జర్మన్, ఇంగ్లీషు, ఫ్రెంచిలో ఉన్నాయి. పెద్దవాళ్లను తీసుకెళ్తే చదివిపెట్టే మనిషి పక్కన ఉండాలి, రెండు గంటలు చేతిలో ఉంచుకోండి.