పదకొండేళ్ల ఇన్‌హేలర్: మందుతో కాదు, మూతితోనే తంటా

మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తాని. లారీ కాటా, గోతాల లెక్క, హమాలీల కూలి చిట్టా నా పని. తవుడు దుమ్ము జీతంతో పాటు వచ్చేది. 2014లో ఆయాసం మొదలైంది. ముందు జలుబనుకున్నాను, తర్వాత వయసనుకున్నాను. రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాక కాకినాడ వెళ్తే, డాక్టరు గారు ఓ గొట్టంలోకి గట్టిగా ఊదించి ఉబ్బసం అని తేల్చారు. అప్పటి నుంచి రోజూ వాడేదొకటి, ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునేదొకటి, రెండు ఇన్‌హేలర్లు నాతోనే ఉన్నాయి.

ఈ పదకొండేళ్లలో మూడు రకాలు వాడాను. నొక్కితే మందు చిమ్మే పంపు, క్యాప్సూల్ వేసి పీల్చే పొడి మిషను, పంపుకి ముందు తగిలించుకునే స్పేసర్ అనే ప్లాస్టిక్ డొల్ల. ఏ మందు మంచిదో రాయను, అది డాక్టరు గారి పని. కంపెనీల పేర్లూ రాయను. నోట్లో పెట్టుకునే ఆ ప్లాస్టిక్ మూతి గురించే రాస్తాను. ఎందుకంటే నేను పడ్డ ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు అక్కడివే. మందు పని చేయట్లేదని డాక్టర్నీ, మందుల షాపు అబ్బాయినీ తిట్టుకున్న చాలాసార్లు మందు బాగానే ఉంది. అది మూతి దాటి లోపలికి రాలేదు, అంతే.

పంపుతో మొదలెడతాను. 2016 కార్తీకం, సార్వా కోతలు జోరుగా ఉన్నాయి. మిల్లు రెండు షిఫ్టులు ఆడుతోంది. రాత్రి ఒంటిగంటన్నరకి ఆయాసంతో లేచి పంపు కొట్టాను. తుస్సుమంది. ఇంకోటి కొట్టాను, అదీ అంతే. డబ్బా ఊపితే లోపల మందు గలగలమంటోంది, నోట్లోకి మాత్రం ఏమీ రావట్లేదు. మా ఆవిడ ఫోన్ లైటు వేసి మూతి లోపలికి చూసి, "ఏవండీ, ఇందులో సున్నం కొట్టినట్టుందండీ" అంది. నిజమే. మందు బయటకొచ్చే బెజ్జం గుండుసూది మొనంత ఉంటుంది. దాని చుట్టూ తెల్లగా గట్టిపడిన పెచ్చు, ఆ పెచ్చు మీద గోధుమ రంగులో తవుడు. అది చూసి నేను చేసిన తెలివైన పనేమిటంటే, పిన్నీసు తెచ్చి గుచ్చడం. పెచ్చు ఊడింది, దాంతో పాటు బెజ్జం అంచూ చెదిరింది. ఆ తర్వాత నొక్కితే పొగలా రావాల్సిన మందు చినుకుల్లా నాలుక మీద పడింది. తెల్లవార్లూ కుర్చీలో ముందుకు వంగి కూర్చుని, కోడి కూసే వేళకి ఆసుపత్రికి పోయి నెబులైజర్ పెట్టించుకున్నాను.

ఇక్కడ ఒక మాట. పంపు పని చేయక, మాట కూడా తెగిపోయేంత ఆయాసంగా ఉన్నప్పుడు మూతి కడుగుతూ కూర్చోకండి. నేను కూర్చున్నది తప్పు. ముందు ఆసుపత్రి, రిపేర్లు తర్వాత.

సంగతి ఏమిటంటే, అల్యూమినియం డబ్బాలో మందు, దాన్ని తోసే గ్యాసు కలిసి ఉంటాయి. డబ్బా కింద ఓ చిన్న పుల్లలాంటి గొట్టం ఉంటుంది, అది ప్లాస్టిక్‌లో ఉన్న గుంటలో కూర్చుంటుంది. నొక్కగానే ఒక కొలత మందు బెజ్జంలోంచి చిమ్ముతుంది. గ్యాసు ఆవిరైపోతుంది, కాస్త మందు అక్కడే ఎండి అంటుకుంటుంది. రోజుకి నాలుగుసార్లు కొట్టుకుంటే వారానికి అది పేరుకుంటుంది. దానికి మా మిల్లు దుమ్ము తోడైతే చెప్పక్కర్లేదు.

పిన్నీసు కథ వినగానే మందుల షాపు అబ్బాయి నవ్వాడు. "అంకుల్, పెట్టెలో కాగితం చదవలేదాండీ?" అన్నాడు. చదవలేదు. ఆ కాగితం ఎనిమిది మడతలు విప్పితే చీమ తలకాయంత అక్షరాలు. వారానికోసారి డబ్బా బయటకు తీసేసి, ఖాళీ ప్లాస్టిక్‌ని మాత్రమే గోరువెచ్చని నీళ్ల ధార కింద అర నిమిషం పైనుంచి, అర నిమిషం మూతి వైపు నుంచి కడగాలని అందులో ఉంది. డబ్బాని తడపకూడదు. కడిగాక గట్టిగా విదిలించి రాత్రంతా గాలికి ఆరనివ్వాలి. ఆరాక డబ్బా పెట్టి, ఊపి, రెండుసార్లు గాలిలోకి కొట్టి చూడాలి. సన్నటి పొగలా వస్తే సరే. చినుకులు పడితే ఇంకా తడి ఉందనో, పెచ్చు పోలేదనో అర్థం. నాది ఆయాసానికి కొట్టుకునే మందు కాబట్టి ఇది. కొన్ని రకాలకి నీళ్లు వద్దు, పొడిగుడ్డతో తుడవమని రాసి ఉంటుంది. మీ పెట్టెలో కాగితమే మీకు లెక్క.

రాత్రంతా ఆరనివ్వమని రాసిన వాళ్లు శ్రావణంలో మా ఊరికి రాలేదు. వానలు పట్టుకుంటే ఇక్కడ తువ్వాలే మూడు రోజులు ఆరదు. బెజ్జంలో నిలిచిన నీటి బొట్టు పొద్దుటికీ అక్కడే ఉంటుంది. అందుకని ఒకే మందు, ఒకే కంపెనీవి రెండు పంపులు పెట్టుకున్నాను. శనివారం రాత్రి ఒకటి కడిగితే సోమవారం దాకా రెండోది వాడతాను. పాత ఖాళీ ప్లాస్టిక్‌లో వేరే కంపెనీ డబ్బా ఇరికించిన రోజులూ ఉన్నాయి. పడుతుంది, కానీ బెజ్జాల కొలతలు ఒకటి కావు కాబట్టి మందు సరిగ్గా చిమ్మదు. ఆ పని చేయకండి.

రెండో ముచ్చట వడ్లగింజది. కాటా దగ్గర ధాన్యం శాంపిల్ చూసి ఆ గింజలు చొక్కా జేబులోనే వేసుకోవడం నా దురలవాటు. పంపూ అదే జేబులో, మూత లేకుండా. ఒక రోజు నోట్లో పెట్టుకుని నొక్కి పీల్చేసరికి కొండనాలుక దగ్గర ఏదో గుచ్చుకుంది. పొలమారి, దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటే బయటపడింది, తోకతో సహా ఒక వడ్లగింజ. అదే ఊపిరితిత్తుల్లోకి పోయుంటే ఆపరేషన్ దాకా వెళ్లేది. చిల్లర నాణేలు, చెవి దిద్దుల్లాంటివి ఇలాగే మూతిలో దూరి లోపలికి పోయిన కేసులు ఉన్నాయని డాక్టరు గారు చెప్పారు. ఇప్పుడు ప్రతిసారీ మూత తీసి, లోపలికి ఓ చూపు చూసి, అరచేతి మీద ఒకసారి తట్టి గానీ నోట్లో పెట్టను. మిల్లులో వాళ్లకి ఇది చాదస్తంగా కనిపిస్తుంది. కనిపించనీ.

డబ్బా అయిపోయిందో లేదో ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. బకెట్ నీళ్లలో వేస్తే తేలుతుందని మా వీధిలో ఒకాయన సలహా ఇచ్చారు, నేనూ వేశాను. ఆ పరీక్ష దేన్నీ తేల్చదు, పైగా గొట్టంలోకి నీళ్లు పోతాయి. నాది 200 సార్లు కొట్టే డబ్బా. ఆ లెక్క దాటాక కూడా కొంతకాలం తుస్సు శబ్దం వస్తూనే ఉంటుంది, అందులో మందు ఎంతుందో ఎవరికీ తెలియదు. లెక్క చూపించే అంకెలున్న పంపు దొరికితే నాలుగు రూపాయలెక్కువైనా అదే తీసుకోండి. లేకపోతే మొదలెట్టిన తేదీ మార్కర్‌తో డబ్బా మీద రాసుకోండి. మరో సంగతి, ఎండాకాలం దీన్ని బండి డిక్కీలో వదలొద్దు. రోహిణి కార్తెలో డిక్కీ లోపల చెయ్యి పెట్టలేం. గ్యాసు డబ్బా సంగతి వేరే చెప్పాలా?

ఇక పొడి మిషను. 2018 నుంచి నాలుగేళ్లు వాడాను. దీని సుఖం దీనిదే. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరాలన్న తంటా లేదు. క్యాప్సూల్ వేసి, తిప్పి, ఒక్క ఊపున గట్టిగా పీల్చడమే. పంపుకి నెమ్మదిగా పీల్చాలి, దీనికి జోరుగా పీల్చాలి. రెండూ వాడేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. నేను ఏడాది పాటు తిరగేసి చేశాను.

దీని శత్రువు తడి. మూతిని నోట్లో పెట్టుకుని ముందు ఊపిరి వదిలే అలవాటు నాకుండేది. ఆ ఊపిరిలో తేమకి పొడి లోపలే ముద్ద కడుతుంది. ఊపిరి పక్కకి వదిలేసి, తర్వాత నోట్లో పెట్టుకోవాలి. ఇంకోటి, పొడి రాలేదేమో అనుకుని మిషన్ని మూడు నాలుగుసార్లు తిప్పేవాణ్ని. అలా తిప్పితే క్యాప్సూల్ తునకలవుతుంది. మూతిలో జల్లెడలాంటి జాలీ ఉంటుంది, పెద్ద తునకల్ని అది ఆపుతుంది, నలుసులు దాటి నాలుక మీదికి వస్తాయి. గొంతులో ప్లాస్టిక్ దిగిందని హడలిపోయాను గానీ, అది మామూలు క్యాప్సూల్ తొక్కే, కరిగిపోతుందట. జాలీ చిరిగితే మాత్రం మిషను పారేయడమే. కడిగి, పూర్తిగా ఆరకముందే వాడితే ఏమవుతుందో కూడా చూశాను. మందంతా మూతి గోడలకి పిండిలా అతుక్కుపోయింది.

2022 జూలై వరదలప్పుడు మా అత్తగారి ఊళ్లో ఉన్నాను. అది లంక గ్రామం. కరెంటు లేదు, చుట్టూ గోదారి, ఇంట్లో గోడలు కూడా చెమ్మ. మూడో రోజు సీసా మూత తీస్తే క్యాప్సూళ్లు మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఒకటి విప్పి చూస్తే పొడి ఉండకట్టి ఉంది, తిప్పినా చిట్లలేదు, గుంటపడింది అంతే. అదృష్టం బాగుండి సంచిలో పంపు ఉంది. వరద తీశాక డాక్టరు గారికి చెప్పి పంపుకే మారిపోయాను. దాళ్వా కోతల ఎండల్లో పొడి మిషను హాయిగా పని చేస్తుంది. వానాకాలం మా డెల్టాలో దాన్ని నమ్ముకోను. ఒక్కో క్యాప్సూల్‌కి విడిగా రేకు ప్యాకింగ్ ఉన్నవైతే ఫర్వాలేదేమో, అవి నేను వాడలేదు.

స్పేసర్ నాకు ఆలస్యంగా దొరికిన సుఖం. 2019లో నాలుక మీద తెల్లటి పొక్కులు, గొంతు బొంగురు. రోజూ వాడే మందులో స్టెరాయిడ్ ఉంటుంది, అది నోట్లో నిలిచిపోతే బూజులాంటిది పట్టి ఇలా అవుతుందన్నారు. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మడం అప్పుడే నేర్చుకున్నాను. పంపుకి మారాక 400 లోపు పెట్టి స్పేసర్ కొన్నాను. పంపు ఇందులోకి కొడితే మందు డొల్లలో కాసేపు ఆగుతుంది, మనం నిదానంగా పీల్చుకోవచ్చు. ఎదురుదెబ్బలా గొంతుకి తగిలే ఆ చల్లదనం ఉండదు.

మా ఆవిడ దాన్ని స్టీలు గ్లాసుతో సమానంగా చూసింది. రోజూ తోమి, పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచేది. రెండు నెలల తర్వాత ఆయాసం మళ్లీ పెరిగింది. ఆసుపత్రిలో నర్సమ్మ గారు చూసి, "ఎవరండీ దీన్ని ఇంత బాగా తుడుస్తున్నారు?" అని అడిగారు. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కి కరెంటు పడుతుంది, దువ్వెనకి కాగితం ముక్క అతుక్కుంటుందే అలా మందు గోడలకి అతుక్కుపోతుంది. సబ్బునీళ్లలో ముంచి తీసి, తుడవకుండా ఆరబెట్టడమే పద్ధతి. ఆ మాట ఇంట్లో చెబితే, "నా వల్లే ఆయాసం వచ్చిందన్నమాట" అని వారం రోజులు మాట్లాడలేదు.

మూతి దగ్గర చిన్న వాల్వు ఉంటుంది. పీల్చినప్పుడు అది కదలాలి, చెవికి టిక్కుమని వినిపిస్తుంది. వినిపించకపోతే అది వంకరపోయిందో, అతుక్కుందో. నాది పది నెలలకి వంకరపోయింది, కొత్తది కొన్నాను.

మొన్న సంక్రాంతికి దుబాయ్ నుంచి మా బావమరిది వచ్చాడు, జేబులో వేప్ పెన్నుతో, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్టు. పీలిస్తే గుడగుడ శబ్దం, నోట్లోకి చేదు చుక్కలు. "బావా, నువ్వు మూతుల డాక్టరువి కదా, చూడు" అన్నాడు. చూడగానే అర్థమైంది, అన్నంగిన్నె మూతకి ఆవిరి పట్టినట్టే ఇదీ. వేడి ఆవిరి మూతి గొట్టంలో చల్లబడి నీరవుతుంది. గట్టిగా పీలిస్తే ద్రవం, దాన్ని వేడిచేసే కాయిల్ దాటి పైకి ఎక్కేస్తుంది. టిష్యూ పేపరు పేని గొట్టంలో తిప్పితే తడి వచ్చేసింది. మూతి కింద రబ్బరు రింగు నలిగిపోయి ఉంది, కారడానికి అదీ ఒక కారణం. వాడు మురిసిపోయి, "నీదీ నాదీ ఒకటేగా" అన్నాడు. ఒకటెలా అవుతుందిరా, నాది ఊపిరి తిప్పుకోవడానికి, నీది నికోటిన్‌కి అన్నాను. పైగా వాడు వరండాలో రెండు దమ్ములు లాగేసరికి నాకు పిల్లికూతలు మొదలయ్యాయి. మన దేశంలో 2019 చట్టంతో వీటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని చెబితే, "ఎయిర్‌పోర్టులో ఎవరూ అడగలేదు" అన్నాడు. రింగు మార్చే పని మాత్రం నేను చేయలేదు.

నా తీర్పు అడిగితే, డెల్టాలో ఉండేవాళ్లకి పంపు, స్పేసర్ జోడీ. పంపుకి ఐదుకి మూడున్నర, స్పేసర్‌కి నాలుగున్నర, పొడి మిషనుకి వేసవిలో నాలుగు, వానల్లో రెండు. పంపుకి మార్కులు కోసింది మూత వల్ల. దాన్ని పట్టి ఉంచే సన్నటి ప్లాస్టిక్ తాడు ఆరు నెలలకే తెగుతుంది, మూత ఒక్కటే ఎక్కడా అమ్మరు. వడ్లగింజ నాటి నుంచి మూత లేని పంపు జేబులో పెట్టాలంటే నాకు భయం. గోతాలు కుట్టే దారంతో మూతకి, పంపుకి కలిపి ముడేశాను. మూడు నెలలకోసారి మాసిపోతుంది, కొత్తది కడతాను. మిల్లులో ఆ దారానికి కొదవ లేదు.